ఎర్రగుంట్ల చుట్టూ సుడులు

నీరు గానీ గాలి గానీ పొరలు పొరలుగా, ఒక పొర మరో పొరను చెదరగొట్టకుండా సాగిపోవడం మాని, పెద్ద సుడి చిన్న సుడులుగా, చిన్న సుడి ఇంకా చిన్న సుడులుగా విడిపోతూ, ఏ క్షణాన ఏ చోట ఎంత వేగం ఉంటుందో ముందుగా చెప్పలేని స్థితికి చేరితే ఆ స్థితిని భౌతికశాస్త్రంలో టర్బులెన్స్ అంటారు. తెలుగులో దీనికి సంక్షుబ్ధ ప్రవాహం అనే మాట ఉన్నా, ఆ మాట పాఠ్యపుస్తకం గడప దాటి బయటకు వచ్చింది తక్కువే. వ్యవహారంలో సుడి, సుడిగాలి, సుడిగుండం అనే మాటలే ఆ పని చాలావరకు చేస్తున్నాయి. కడప జిల్లాలో ఎర్రగుంట్ల కేంద్రంగా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులను కలుపుతూ ఒక వలయం గీస్తే, అందులోని సిమెంటు కర్మాగారాలు, థర్మల్ విద్యుత్ కేంద్రం, బిందుసేద్యం తోటలు ఈ సంక్షోభాన్ని కావాలని పుట్టించి దానితో పని చేయించుకుంటున్నాయి. అదే వలయంలోనూ, జిల్లాలో మరికొన్ని చోట్లా ఉన్న వంతెనలు, కట్టలు, రైలుమార్గాలు ఎవరూ కోరకుండా పుట్టుకొచ్చిన సంక్షోభానికి మూల్యం చెల్లించాయి. రెండు చోట్లా పనిచేసేది ఒకే సూత్రం.

టర్బులెన్స్ అనే మాట శాస్త్రంలోకి రాకముందు రాజకీయంలో ఉండేది. లాటిన్‌లో తుర్బా అంటే గుంపు, ఆ గుంపు చేసే అల్లరి. అదుపు తప్పిన జనాన్ని, లొంగని సామంతులను నిందించడానికి ఐరోపా పాలకులు ఆ ధాతువు నుంచి పుట్టిన విశేషణాన్ని శతాబ్దాల పాటు వాడారు. మాంచెస్టర్‌లో అధ్యాపకుడిగా ఉన్న ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1883లో నీటి ప్రవాహం మీద తన ప్రసిద్ధ ప్రయోగాన్ని ప్రకటించినప్పుడు కూడా టర్బులెన్స్ అనే మాట వాడలేదు, మెలికలు తిరిగే చలనం అనే అర్థమిచ్చే మరో మాట వాడాడు. తర్వాత నాలుగేళ్లకు, 1887లో, లార్డ్ కెల్విన్‌గా పేరుపొందిన విలియం థామ్సన్ గుంపు అల్లరికి చెందిన ఆ మాటను నీటికి అంటగట్టాడు. తెలుగులో జరిగింది దీనికి తలకిందులు: సంస్కృతంలో పెద్ద అల అనే అర్థమున్న కల్లోలం నీటి నుంచి బయలుదేరి మనుషుల గొడవల దగ్గరకు వచ్చి స్థిరపడింది.

రేనాల్డ్స్ చేసిన ప్రయోగం చూడటానికి చాలా సాదాసీదాగా ఉంటుంది. నీటితొట్టిలో అమర్చిన గాజు గొట్టంలోకి నీటితోపాటు రంగునీటి సన్నని ధారను కూడా వదిలి, వేగాన్ని క్రమంగా పెంచుతూ పోతే, కొంతవరకు ఆ రంగుధార గీత గీసినట్టు తిన్నగా సాగి, ఒక హద్దు దాటాక ఉన్నట్టుండి చెదిరి గొట్టమంతా అలముకుంటుంది. ఆ హద్దును నిర్ణయించేది వేగం ఒక్కటే కాదని, వేగాన్ని గొట్టం వ్యాసంతో గుణించి, ప్రవాహి జిగటతనాన్ని, అంటే స్నిగ్ధతను సాంద్రతతో భాగించగా వచ్చే విలువతో భాగిస్తే వచ్చే సంఖ్యే అసలైన కొలమానమని ఆయన చూపించాడు. రేనాల్డ్స్ సంఖ్య అని తర్వాత పేరుపడ్డ ఈ కొలమానం ప్రకారం గుండ్రటి గొట్టంలో ఆ సంఖ్య సుమారు 2,000 లోపు ఉంటే ప్రవాహం పొరలుగా సాగుతుంది, 4,000 దాటితే సాధారణంగా సంక్షుబ్ధమవుతుంది. ఇంట్లో 15 మిల్లీమీటర్ల గొట్టంలో సెకనుకు 1 మీటరు వేగంతో వచ్చే నీటికే ఆ సంఖ్య 15,000 దాకా ఉంటుంది. ప్రొద్దుటూరు దగ్గర పెన్నా 3 మీటర్ల లోతున అదే వేగంతో పారితే లోతును బట్టి వేసే లెక్కలో సంఖ్య 30 లక్షలకు చేరుతుంది. అంటే ప్రకృతిలో ప్రశాంత ప్రవాహమే అరుదు, సంక్షుబ్ధ ప్రవాహమే మామూలు. నిఘంటువులు మాత్రం రెండో దానినే అపసవ్యంగా చూపుతూ వచ్చాయి.

పెద్ద సుడిలోని శక్తి ఎక్కడికి పోతుందన్న ప్రశ్నకు ఆంగ్లేయ వాతావరణ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922లో ఒక చిత్రాన్ని ఊహించాడు: పెద్ద సుడి తన శక్తిని చిన్న సుడికి, అది మరింత చిన్నదానికి అప్పగిస్తూ పోగా, చివరకు సుడి ఎంత చిన్నదవుతుందంటే జిగటతనమే దానిని ఆర్పివేస్తుంది, అప్పటికి ఆ శక్తి వేడిగా మారిపోతుంది. ఈ అప్పగింతకు 1941లో రష్యన్ గణితవేత్త ఆంద్రీ కొల్మగోరోవ్ లెక్కలు కట్టాడు. ప్రవాహుల చలనాన్ని వర్ణించే నేవియర్-స్టోక్స్ సమీకరణాలు మాత్రం 19వ శతాబ్దం నుంచీ చేతిలో ఉన్నా, మూడు దిశల్లోనూ వాటికి ఎప్పుడూ సాఫీగా ఉండే పరిష్కారం ఉంటుందా లేదా అన్నది ఇంకా తేలలేదు; తేల్చినవారికి 10 లక్షల డాలర్లు ఇస్తామని అమెరికాలోని క్లే గణిత సంస్థ 2000లో ప్రకటించింది. భారతీయులలో ఈ రంగంలో ముందుగా చెప్పుకోవలసిన రొద్దం నరసింహ (1933–2020), ఆయన శిష్యుడు కాటేపల్లి శ్రీనివాసన్‌తో కలిసి సంక్షోభపు వెనుక ముఖాన్ని చూశారు. సంక్షుబ్ధంగా ఉన్న ప్రవాహాన్ని తీవ్రంగా వేగవంతం చేస్తే అది తిరిగి పొరలుగా సాగే స్థితికి చేరుకోగలదని, వేగం పెరిగితే అలజడి పెరగాలన్న సామాన్య ఊహకు ఇది విరుద్ధమని, 1970ల్లో వారు చేసిన పరిశీలనలు చెబుతాయి.

కిల్న్ ముందు, బాయిలర్ లోపల

ఎర్రగుంట్లను సిమెంటు ఊరుగా మార్చింది భూమి కింది సున్నపురాయి. ఎర్రగుంట్లలోనూ, చిలమకూరులోనూ, కృష్ణానగర్‌లోని జువారి కర్మాగారంలోనూ, కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలోని భారతి సిమెంట్స్‌లోనూ, మైలవరం మండలంలోని దాల్మియా కర్మాగారంలోనూ జరిగే పని మౌలికంగా ఒక్కటే: సున్నపురాయిని కొద్దిపాటి మట్టి, ఇనుప ఖనిజాలతో కలిపి మెత్తగా నూరి, ఆ పొడిని కాల్చి గట్టి గడ్డలైన క్లింకర్‌గా మార్చడం. కర్మాగారంలో రా మీల్ అని పిలిచే ఆ పొడి క్లింకర్ కావాలంటే సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి; అయితే అంతకంటే ముందు, 850 డిగ్రీల ప్రాంతంలో, సున్నపురాయి బొగ్గుపులుసు వాయువును వదిలేసి సున్నంగా మారాలి. పాతకాలపు తడి పద్ధతిలో ఈ పనంతా మెల్లగా తిరిగే పొడవాటి గొట్టపు కొలిమి అయిన కిల్న్‌లోనే జరిగేది, కిలో క్లింకర్‌కు 1,300 కిలోకేలరీలకు పైగా ఇంధనం ఖర్చయ్యేది. ఇప్పుడు కిల్న్ ముందు ప్రీహీటర్ టవర్ నిలబడిన చోట ఆ ఖర్చు 700 నుంచి 750 కిలోకేలరీలకు దిగింది.

దూరం నుంచి కర్మాగారాన్ని గుర్తుపట్టించేది ఆ టవరే. అందులో ఐదారు అంతస్తులుగా సైక్లోన్లు అనే గరాటు ఆకారపు పాత్రలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వాటిని కలుపుతూ నిలువు గొట్టాలు ఉంటాయి. పైనుంచి పొడి దిగుతుంది, కింది నుంచి కిల్న్ వదిలిన వేడి వాయువు పైకి వస్తుంది. వేడి మారకం జరిగేది ఈ పెద్ద గరాటుల్లోనే అని చూసేవారికి అనిపిస్తుంది గానీ, ఆ మారకంలో అత్యధిక భాగం వాటి మధ్య ఉన్న నిలువు గొట్టంలో, పొడి వాయువులో పడి చెదిరిపోయే ఆ కొద్ది క్షణాల్లోనే పూర్తవుతుంది. సెకనుకు 15 నుంచి 20 మీటర్ల వేగంతో పైకి లేచే వాయువుకు అక్కడ రేనాల్డ్స్ సంఖ్య లక్షల్లో ఉంటుంది. ఆ సుడులు పొడి రేణువుల్ని ఒకదాని నుంచి మరొకదానిని విడదీసి ప్రతి రేణువు చుట్టూ వేడి వాయువును తిప్పుతాయి. ముద్దగా పడిన పొడికి లోపలిదాకా వేడి ఎక్కాలంటే చాలాసేపు పట్టేది, విడివిడిగా తేలిన రేణువుకు ఒక్క క్షణం చాలు. మొత్తం టవర్ దిగడానికి పొడికి నిమిషం కూడా పట్టదు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. గొట్టంలో అంతగా ఉపకరించిన సంక్షోభం పది మీటర్ల అవతల, సైక్లోన్ లోపలికి చేరేసరికి పనికి అడ్డం వస్తుంది. సైక్లోన్ చేయవలసింది కలపడం కాదు, విడదీయడం: వాయువు గుండ్రంగా తిరుగుతుంటే బరువైన రేణువులు గోడను తాకి కిందికి జారాలి, వాయువు మధ్య నుంచి పైకి పోవాలి. అక్కడ కావలసింది ఒక్క పెద్ద, క్రమమైన సుడి. దాని లోపల చిల్లర సుడులు పెరిగితే గోడకు చేరిన సన్నటి పొడిని అవి మళ్లీ లేపి వాయువులో కలిపేస్తాయి. సుడి వేరు, సంక్షోభం వేరు అన్న సూక్ష్మాన్ని పుస్తకం కంటే సైక్లోన్ బాగా చెబుతుంది.

ఎర్రగుంట్ల మండలం కలమల్ల దగ్గర ఉన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో, అంటే స్థానికులు ఆర్‌టీపీపీ అని పిలిచే కేంద్రంలో, టర్బులెన్స్ అనే మాటకు మరో వాడుక ఉంది. మొదటి యూనిట్ 1994లో మొదలైన ఈ కేంద్రానికి 210 మెగావాట్ల యూనిట్లు ఐదు, 2018లో చేరిన 600 మెగావాట్ల యూనిట్ ఒకటి ఉన్నాయి, మొత్తం సామర్థ్యం 1,650 మెగావాట్లు. బొగ్గు మండడానికి కావలసినవి మూడు టీలు అని బాయిలర్ ఇంజినీర్లకు మొదటి పాఠంలోనే నేర్పుతారు: టైమ్, టెంపరేచర్, టర్బులెన్స్. సమయం, వేడి ఎంతున్నా, బొగ్గు రేణువు చుట్టూ పేరుకున్న కాలిన వాయువును ఊడ్చేసి కొత్త ప్రాణవాయువును తెచ్చే అలజడి లేకపోతే మంట అసంపూర్ణంగానే ఉంటుంది. అందుకే మిల్లుల్లో బొగ్గును ముఖానికి పూసుకునే పౌడరంత మెత్తగా, దాదాపు 70 శాతం రేణువులు మిల్లీమీటరులో 75 వెయ్యో వంతుల జల్లెడ నుంచి దిగేలా నూరి, ఈ తరహా బాయిలర్లలో నాలుగు మూలల నుంచి గాలితోపాటు చిమ్ముతారు. ఆ నాలుగు ధారలూ మధ్యలోని ఒక ఊహావృత్తాన్ని ఒరుసుకునేలా గురిపెట్టడం వల్ల కొలిమి నడుమ తిరిగే అగ్నిగోళం ఏర్పడుతుంది. రేణువు ఆ కొలిమిలో ఉండేది సెకను, రెండు సెకన్లు మాత్రమే. అలజడి చాలకపోతే కాలని బొగ్గు బూడిదలో మిగులుతుంది, ఆ బూడిదను పక్కనున్న సిమెంటు కర్మాగారాలు తీసుకోవడానికి వెనకాడతాయి. భారతీయ ప్రమాణాలు పొజొలానా సిమెంటులో 35 శాతం దాకా బూడిదను అనుమతిస్తాయి కనుక ఆ బేరం చిన్నదేమీ కాదు. బూడిద లారీల కోసం 2024 నవంబరులో జమ్మలమడుగు, తాడిపత్రి వర్గాల మధ్య తగాదా రేగి పోలీసులు మోహరించే దాకా వెళ్లిందంటే ఆ బూడిద విలువ అర్థమవుతుంది.

పులివెందుల తోటల్లో

పులివెందుల ప్రాంతపు అరటి, చీనీ తోటల్లో సంక్షోభం చేసే పని ఇంతకంటే చిన్నది, కానీ ఇంతకంటే తెలివైనది. డ్రిప్ పైపులో అమర్చిన డ్రిప్పర్‌ను విప్పి చూస్తే లోపల రంపపు పళ్లలాంటి మెలికల దారి కనిపిస్తుంది. నీరు ఒక్కొక్క మెలిక దగ్గర గోడకు కొట్టుకుని సుడి తిరిగి కొంత పీడనాన్ని కోల్పోతుంది, చివరకు బొట్టుగా బయటపడుతుంది. సన్నటి తిన్నని గొట్టంతోనూ పీడనాన్ని తగ్గించవచ్చు, తొలినాటి డ్రిప్పర్లలో కొన్ని అలాంటివే. కానీ అందులో నీరు పొరలుగా సాగుతుంది, పొరల ప్రవాహంలో పీడనం 20 శాతం పెరిగితే నీరూ 20 శాతం పెరుగుతుంది. మెలికల డ్రిప్పర్‌లో నీరు పీడనపు వర్గమూలాన్ని అనుసరిస్తుంది కనుక పెరుగుదల సుమారు 10 శాతం దగ్గర ఆగుతుంది. వాలు ఉన్న పొలంలో పై సాలు చెట్టుకూ కింది సాలు చెట్టుకూ నీళ్లు దాదాపు సమంగా అందడం దీనివల్లే.

కడప ఎండలో దీనికి మరో లాభం ఉంది. నల్లటి డ్రిప్ పైపు మధ్యాహ్నం కాగిపోయి, లోపలి నీరు 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు చేరితే దాని జిగటతనం మూడో వంతు పడిపోతుంది. పొరల ప్రవాహమైతే అదే డ్రిప్పర్ నుంచి నీరు దాదాపు సగం ఎక్కువ కారేది. సంక్షుబ్ధ ప్రవాహానికి జిగటతనంతో సంబంధం చాలా తక్కువ కనుక ఉదయం కారినంతే మధ్యాహ్నమూ కారుతుంది. పైగా ఆ సుడులు సన్నని మట్టిని మెలికల్లో దిగనీయకుండా కదుపుతూ ఉంటాయి. ఇంత సన్నని దారిలో రేనాల్డ్స్ సంఖ్య కొన్ని వందలు మాత్రమే, గొట్టాల లెక్క ప్రకారం చూస్తే సుడి పుట్టకూడదు. మూలలే దానిని ముందుగా పుట్టిస్తాయి.

అదే నీరు గండికోట జలాశయం నుంచి పైడిపాళెం వైపు, చిత్రావతి జలాశయం వైపు ఎత్తిపోతల పంపులతో వెళ్లేటప్పుడు సంక్షోభం ఖర్చు పద్దులోకి వస్తుంది. గొట్టంలో వేగం రెట్టింపైతే రాపిడి నష్టం దాదాపు నాలుగింతలవుతుంది, అందుకే ఎత్తిపోతల గొట్టాలు అంత లావుగా ఉంటాయి.

వంతెన కాళ్ల దగ్గర

గండికోట దగ్గర ఎర్రమల కొండల్ని చీల్చుకుంటూ పెన్నా చేసుకున్న లోయ చూసినవారికి నీటికి రాయిని కోసే బలం ఉందని వేరే చెప్పనవసరం లేదు. నీరు ఒంటరిగా అంత పని చేయలేదు. దానిలోని సుడులు ఇసుకను, గులకరాళ్లను లేపి రాతికి ఒరిపిడి పెడతాయి. లక్షల ఏళ్ల పని కనుక అది అందంగా మిగిలింది, ఒక్క రాత్రి పని అయినప్పుడు అది ప్రమాదమవుతుంది.

ఇసుక నదిలో నిలిచిన వంతెన స్తంభానికి ప్రవాహం ఎదురైనప్పుడు, నీరు స్తంభం ముఖం మీదుగా కిందికి దూకి, అడుగున గుర్రపు నాడా ఆకారంలో స్తంభాన్ని చుట్టుకునే సుడిగా మారుతుంది. ఆ సుడి స్తంభం అడుగు ఇసుకను తవ్వి వెనక్కి విసురుతుంది, గుంత పెరిగేకొద్దీ పునాది తేలిపోతుంది, వరద తీసిన తర్వాత ఇసుక మళ్లీ ఆ గుంతలో నిండి ఏమీ జరగనట్టు కనిపిస్తుంది. వరద తర్వాత చేసే కంటిచూపు తనిఖీ ఎందుకు నమ్మదగింది కాదో ఈ ఒక్క విషయం చాలు చెప్పడానికి. 2021 నవంబరు వరదల్లో కమలాపురం, వల్లూరు మండలాల మధ్య పాపాఘ్ని మీది వంతెన కూలింది. అదే వారంలో జిల్లా దక్షిణ భాగాన రాజంపేట ప్రాంతంలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగి ఊళ్లను ముంచింది. ఎర్రగుంట్ల మీదుగా పోయే మద్రాసు-బొంబాయి రైలుమార్గానికి ఇంతకంటే పాత గాయం ఉంది. 1902 సెప్టెంబరులో ముద్దనూరు దాటాక మంగపట్నం దగ్గర వరద వాగు వంతెనను కొట్టుకుపోగా రైలు అందులో పడి 70 మందికి పైగా మరణించారు.

ఆనకట్ట కట్టేవారు ఈ శక్తిని ముందే ఆర్పడానికి ఏర్పాటు చేస్తారు. 20 మీటర్ల ఎత్తు నుంచి గేటు మీదుగా జారిన నీరు రాపిడిని వదిలేస్తే గంటకు సుమారు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. దానిని అలాగే నదిలోకి వదిలితే అడుగు కోసుకుపోతుంది కనుక, ఆనకట్ట పాదం దగ్గర కాంక్రీటు తొట్టిలో దానిని ఉన్నపళంగా ఉబికి దొర్లేలా చేసి, ఆ దొర్లింతలో పుట్టిన సుడుల చేత శక్తినంతా వేడిగా మార్పిస్తారు. ఆ వేడి వల్ల నీరు వెచ్చబడేది డిగ్రీలో ఇరవయ్యో వంతు మాత్రమే.

పాలెగాళ్ల మీద పడిన మాట

టర్బులెన్స్ మాటకున్న పాత రాజకీయ అర్థం ఈ ప్రాంతానికీ తగిలింది. 1800లో నిజాం కడప ప్రాంతంతో కూడిన దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాక, ఇక్కడి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు దాదాపు 80 మంది పాలెగాళ్లను, అంటే స్థానిక సామంతులను, అణచడం, తొలగించడం, భరణాలకు పరిమితం చేయడం అనే పనిలో మునిగి ఉన్నాడు. కంపెనీ దస్తావేజుల్లోనూ, తర్వాతి జిల్లా చరిత్రల్లోనూ ఆ పాలెగాళ్ల పేరు ముందు టర్బులెంట్ అనే విశేషణం దాదాపు బిరుదులా కనిపిస్తుంది. వారిలో దోపిడీదారులు లేరని కాదు. అయితే ఆ విశేషణం ఒక మనిషి స్వభావాన్ని చెబుతున్నట్టు నటిస్తూ కిస్తు ఎంత పెంచారు, భూమి ఎవరి చేతుల నుంచి ఎవరి చేతుల్లోకి పోయింది, కట్టుబడి కాపలాదారుల మాన్యాలు ఏమయ్యాయి అన్న ప్రశ్నలను పక్కకు నెట్టింది. 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు వెనుకా ఇలాంటి భరణపు తగాదాలే ఉన్నాయి. భౌతికశాస్త్రం ఈ మాటను అరువు తెచ్చుకున్న తర్వాత దానికి కారణాన్ని జోడించింది: ప్రవాహం సంక్షుబ్ధమైందంటే వేగం, కొలత, జిగటతనం అనే మూడింటిలో ఏదో మారింది, వెతికితే దొరుకుతుంది. ఈ ప్రాంతపు ఫ్యాక్షన్ గురించి రాసేవారిలో చాలామంది ఇప్పటికీ కంపెనీ గుమాస్తా అర్థంలోనే ఈ మాటను వాడుతున్నారు, మట్టిలోనే ఏదో ఉందన్నట్టు.

నేటి సామాన్యుడికి ఈ మాట చేరింది విమానంలో. కడప జిల్లా నుంచి కువైట్‌కు కూలికి, ఇంటిపనికి వెళ్లే వేలాదిమంది సీటు బెల్టు బిగించుకోమనే ప్రకటనలోనే దానిని మొదట విని ఉంటారు. మబ్బు లేని ఆకాశంలోనూ పైపొరల్లో గాలుల వేగాల మధ్య తేడా పెరిగితే ఈ కుదుపు పుడుతుంది. ఉత్తర అట్లాంటిక్ మీద అలాంటి తీవ్రమైన కుదుపులు 1979 నుంచి 2020 మధ్య 55 శాతం పెరిగాయని బ్రిటన్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం 2023లో లెక్కగట్టింది. 2024 మేలో లండన్ నుంచి సింగపూర్ వెళ్తున్న విమానం మయన్మార్ మీద తీవ్రమైన కుదుపుకు లోనైన ఘటనలో ఒక ప్రయాణికుడు మరణించాడు.

ఎర్రగుంట్లకు మాత్రం గాలిలోని అలజడి కుదుపుగా కాక పొగగా తెలుస్తుంది. దేశంలో 200 మెగావాట్లు, అంతకు మించిన థర్మల్ యూనిట్లకు 220 మీటర్ల పొగగొట్టం, 500, ఆపైన అయితే 275 మీటర్ల పొగగొట్టం ఉండాలన్న పాత నిబంధన వెనుక ఉన్న నమ్మకం ఒక్కటే: ఎత్తున వదిలితే గాలి సుడులు పొగను విస్తారంగా చెదరగొట్టి నేల మీదికి చేరేసరికి పలచన చేస్తాయి. చలికాలపు రాత్రి నేల చల్లబడి, చల్లటి గాలి అడుగున, వెచ్చటి గాలి పైన నిలిచినప్పుడు ఆ సుడులు ఆగిపోతాయి. పొగ చెదరకుండా ఒక పట్టీలా పైనే సాగుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ సుడులు అడుగు నుంచి మొదలై పైకి పెరిగి, పొగ ఉన్న ఎత్తును అందుకోగానే దానిని ఒక్కసారిగా నేలకు దించుతాయి, కనుక పొగగొట్టానికి దూరంగా ఉన్న ఊరికి ఆ రోజులో అతి చెడ్డ గాలి ఉదయపు ఎండలో రావచ్చు. పలచన చేయడం తగ్గించడం కాదు. గంధకపు వాయువును పొగలోంచే పట్టాలని 2015 డిసెంబరులో వచ్చిన కేంద్ర నిబంధనకు గడువులు పొడిగిస్తూ పోయి, 2025 జులైలో అధికశాతం కేంద్రాలకు ఆ వాయువును పట్టే యంత్రాల నుంచి మినహాయింపు ఇచ్చారు. ఇచ్చిన కారణాలు ఏవైనా, ఆ కేంద్రాల దగ్గర మళ్లీ భారమంతా సుడుల మీదనే పడింది. ఇక బూడిద లారీ రోడ్డు మీద లేపే దుమ్ముకు పొగగొట్టం ఎత్తుతో పని లేదు. లారీ వెనుక ఏర్పడే సుడులు దానిని లేపేది మనిషి ముక్కు ఎత్తులోనే, ఆ రోడ్డు పక్క ఇళ్లలో సాయంత్రానికి గిన్నెల మీద పేరుకునేదీ అదే.